పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్‌ని వేరే భాషలో తిరగరాయాలా, వద్దా?

2025 మార్చిలో మైక్రోసాఫ్ట్ నుంచి ఒక ప్రకటన వచ్చింది. టైప్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష కంపైలర్‌ని (రాసిన కోడ్‌ని తనిఖీ చేసి, నడిచే రూపంలోకి మార్చే ప్రోగ్రామ్) గో భాషలోకి మారుస్తున్నామని, దాంతో అది దాదాపు పది రెట్లు వేగంగా నడుస్తుందని టైప్‌స్క్రిప్ట్‌ని రూపొందించిన ఆండర్స్ హేల్స్‌బర్గ్ చెప్పారు. ఉదాహరణకు వీఎస్ కోడ్ ఎడిటర్ సొంత కోడ్‌నే తీసుకున్నారు. సుమారు 15 లక్షల లైన్లు. దాన్నంతా తనిఖీ చేయడానికి పాత కంపైలర్‌కి 77.8 సెకన్లు పడితే, కొత్తది 7.5 సెకన్లలో తేల్చేసింది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఐటీ ఆఫీసుల్లో ఒక చర్చ లేస్తుంది. ‘మైక్రోసాఫ్టే మార్చుకుంది, మనం ఇంకా పాతదాన్నే పట్టుకుని వేలాడటం ఎందుకు?’ అని ఒకరంటారు. ‘నడుస్తున్నదాన్ని కెలికితే ఆ తర్వాత నైట్ షిఫ్టులు మనవే’ అని ఇంకొకరు. మొదటివారి దగ్గర టైప్‌స్క్రిప్ట్ ఉదాహరణ ఉంటే, రెండోవారి దగ్గర నెట్‌స్కేప్ బ్రౌజర్ కథ ఉంటుంది. రెండూ నిజమే. కాకపోతే ఇద్దరూ ఒకే పని గురించి మాట్లాడుకోవడం లేదు. గొడవంతా అక్కడే ఉంది.

‘రీరైట్’ అనే ఒక్క మాట కింద మూడు పనులు

మొదటిది పోర్ట్. డిజైన్ అదే, ఫైళ్ల అమరిక అదే, తర్కం అదే. పాత ఫంక్షన్‌ని పక్కన పెట్టుకుని కొత్త భాషలో అదే ఫంక్షన్ రాయడం. పాతదానిలో ఉన్న వింత ప్రవర్తన కూడా కొత్తదానిలోకి రావాలి.

రెండోది అసలు సిసలు రీరైట్. పాత కోడ్‌ని మూసేసి, ‘ఇది ఏం చేయాలి’ అన్న ప్రశ్నతో ఖాళీ ఫైలు తెరవడం. ఇక్కడ భాష మారొచ్చు, మారకపోవచ్చు. డిజైన్ మాత్రం కచ్చితంగా మారుతుంది.

మూడోది ముక్క మార్పిడి. మొత్తం అప్లికేషన్‌లో బాగా ఇబ్బంది పెడుతున్న ఒక భాగాన్ని మాత్రం వేరే భాషలో రాసి, మిగతాదాన్ని అలాగే ఉంచడం.

మీటింగ్‌లో ఎవరైనా ‘రస్ట్ భాషలోకి వెళ్దాం’ అన్నప్పుడు ఈ మూడింటిలో ఏది అని అడిగితే, తరచుగా అన్నవాళ్లకే స్పష్టత ఉండదు. భాషతో పాటు డేటాబేస్ పట్టికలు, స్క్రీన్లు, లాగిన్ పద్ధతి, అన్నీ ఒకే ఊపులో మార్చేద్దాం అన్నది వాళ్ల మనసులో ఉంటుంది. అప్పుడు కొత్త ప్రోగ్రామ్‌లో ఏదైనా తేడా కనిపిస్తే అది భాష వల్లా, డిజైన్ వల్లా, లేక మనం కావాలనే మార్చిందా అన్నది తేల్చడం చాలా కష్టం. పోల్చి చూడటానికి పాతదానిలో సరిజోడు ఉండదు కదా.

నెట్‌స్కేప్ భాష మార్చలేదు, టైప్‌స్క్రిప్ట్ డిజైన్ మార్చలేదు

నెట్‌స్కేప్ బ్రౌజర్ నాలుగో వెర్షన్ 1997లో వచ్చింది. 1998లో కోడ్‌ని బయటపెట్టాక, అదే ఏడాది చివర్లో పాత కోడ్‌ని పక్కన పడేసి కొత్త ఇంజిన్ చుట్టూ అంతా మళ్లీ రాయాలని నిర్ణయించారు. ఐదో వెర్షన్ రానేలేదు. ఆరోది 2000 నవంబర్‌లో వచ్చింది. ఆ మూడేళ్లలో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మార్కెట్‌ని పట్టేసింది. ‘ఎప్పుడూ మొదటి నుంచి తిరగరాయొద్దు’ అనే వాదనకు పాతికేళ్లుగా ఇదే మూల ఉదాహరణ.

నిజానికి అక్కడ సీ, సీ ప్లస్ ప్లస్ నుంచి వేరే భాషకు వెళ్లిందేమీ లేదు. దెబ్బ కొట్టింది భాష మార్పు కాదు, మూడేళ్లపాటు జనానికి చెప్పుకోదగ్గ కొత్త వెర్షన్ ఇవ్వలేకపోవడం. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ తిరగరాసిన కోడ్ వృథా కాలేదు. అందులోంచే 2004 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 1.0 పుట్టింది. అంటే సాంకేతికంగా చూస్తే ఆ రీరైట్ ఫలించింది, ఫలం వచ్చే సమయానికి మొదలుపెట్టిన కంపెనీకి మాత్రం దక్కలేదు. దీన్ని గెలుపనాలో ఓటమనాలో ఎవరి కుర్చీలో కూర్చుని చూస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది.

టైప్‌స్క్రిప్ట్ బృందం చేసింది దాదాపు దీనికి వ్యతిరేకం. భాష మార్చారు, డిజైన్‌ని మాత్రం వీలైనంత ముట్టుకోలేదు. రస్ట్ ఎందుకు తీసుకోలేదు, హేల్స్‌బర్గ్ స్వయంగా రూపొందించిన సీ షార్ప్ ఎందుకు కాదు అని అప్పట్లో చాలామంది అడిగారు. వాళ్ల జవాబు సాదాగా ఉంది: పాత కోడ్ ఏ తీరులో రాసి ఉందో ఆ తీరుకి గో దగ్గరగా ఉంది. కంపైలర్‌లోని డేటా ఒకదాన్నొకటి చుట్టూ తిరిగి సూచించుకుంటూ ఉంటుంది. వాడి వదిలేసిన మెమరీని తనంతట తానే శుభ్రం చేసే భాష అయితే ఆ అమరికని అలాగే దించుకోవచ్చు. రస్ట్‌లో అయితే డేటా అమరికనే కొత్తగా ఆలోచించాలి. అప్పుడది పోర్ట్ కాదు, రీరైట్ అవుతుంది. ‘ఏది గొప్ప భాష’ అన్న పోటీ అక్కడ జరగలేదు. ‘పాత ప్రవర్తనని చెడగొట్టకుండా దేనిలోకి వెళ్లగలం’ అన్నదే వాళ్ల కొలమానం.

ఇంకో అదృష్టం కూడా ఉంది. కంపైలర్‌కి ఇన్‌పుట్ ఒక ఫైలు, అవుట్‌పుట్ ఇంకో ఫైలు, కొన్ని ఎర్రర్ మెసేజ్‌లు. ఏళ్ల తరబడి పోగైన వేల టెస్టులు ఉన్నాయి. పాతదీ కొత్తదీ ఒకే జవాబిస్తున్నాయా అని యంత్రమే చెప్పేస్తుంది. మన పేరోల్ సాఫ్ట్‌వేర్‌కో, హాస్పిటల్ బిల్లింగ్‌కో ఈ సౌకర్యం ఎక్కడుంది?

నెమ్మది ఎక్కడుందో చూడకుండా భాషని నిందిస్తే

భాష మార్చాలనడానికి ఎక్కువగా వినిపించే కారణం వేగం. ఇది లెక్క వేసి చూడదగ్గది.

ఒక ఆన్‌లైన్ దుకాణంలో ‘ఆర్డర్ కన్ఫర్మ్’ నొక్కాక జవాబు రావడానికి 800 మిల్లీసెకన్లు పడుతోందనుకుందాం. అందులో డేటాబేస్‌కి 600, పేమెంట్ గేట్‌వే కోసం వేచి చూడటానికి 120, మన కోడ్ నడవడానికి 80. కోడ్‌ని పది రెట్లు వేగమైన భాషలోకి మార్చాం. 80 కాస్తా 8 అయింది. మొత్తం 728. అంటే కస్టమర్‌కి ఆదా అయిన సమయం తొమ్మిది శాతం. అతనికి తేడా తెలియను కూడా తెలియదు. అదే డేటాబేస్‌లో సరైన ఇండెక్స్ (వెతుకులాటని తగ్గించే సూచిక) ఒకటి పెట్టి 600ని 60కి దించగలిగితే మొత్తం 260కి వచ్చేస్తుంది. ఆ పని ఒక మధ్యాహ్నంలో అయిపోవచ్చు కూడా.

కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్‌డాల్ 1967లో ప్రాసెసర్ల గురించి చెప్పిన సూత్రం సారాంశం ఇదే: ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, మొత్తంలో ఆ భాగం వాటా ఎంతో అంతకు మించి లాభం రాదు.

టైప్‌స్క్రిప్ట్‌కి పది రెట్లు ఎలా వచ్చింది మరి? కంపైలర్ సమయమంతా లెక్కలోనే పోతుంది. నెట్‌వర్క్ కోసమో డేటాబేస్ కోసమో ఎదురుచూడటం దాదాపు ఉండదు. పైగా పాత కంపైలర్ జావాస్క్రిప్ట్ మీద నడిచేది, ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్లు (ఒకేసారి పనిచేయగల విభాగాలు) ఉన్నా ప్రధానంగా ఒక్కదాన్నే వాడుకునేది. వచ్చిన లాభంలో సుమారు సగం యంత్ర భాషలోకి నేరుగా మారడం వల్ల, మిగతా సగం పనిని కోర్ల మధ్య పంచడం వల్ల అని బృందమే వివరించింది.

చాటింగ్ యాప్ డిస్కార్డ్ 2020లో చెప్పిన అనుభవం ఇంకా సన్నని ఉదాహరణ. ఎవరు ఏ మెసేజ్ దాకా చదివారో గుర్తుపెట్టుకునే సర్వీస్ ఒకటి వాళ్లకుంది. అది గోలో ఉండేది. సగటు వేగం బాగానే ఉంది. కానీ సుమారు ప్రతి రెండు నిమిషాలకోసారి జవాబు సమయం ఒక్కసారిగా ఎగిసేది. కారణం, గో తన మెమరీ శుభ్రతని కనీసం రెండు నిమిషాలకోసారైనా చేసి తీరుతుంది. వీళ్ల కాష్‌లో (త్వరగా అందుకోవడానికి మెమరీలోనే ఉంచుకున్న డేటాలో) లక్షల ఎంట్రీలు. అన్నిటినీ తిరిగి చూసుకునేది. ఆ ఒక్క సర్వీస్‌ని రస్ట్‌లో రాశారు, రస్ట్‌లో అలా ఆగి శుభ్రం చేసే ప్రక్రియే లేదు కాబట్టి ఆ ఎగుడుదిగుళ్లు పోయాయి. గమనించాల్సింది ఏమిటంటే, ఇక్కడ తప్పు ఫలానా చోట, ఫలానా భాషా లక్షణం వల్ల అని గ్రాఫ్ మీద వేలు పెట్టి చూపించగలిగారు. ‘గో స్లో’ అని ఎవరూ అనలేదు.

దీనికి అవతలి వైపు ఫేస్‌బుక్. సైటంతా పీహెచ్‌పీ భాషలో ఉంది, సర్వర్ల ఖర్చు కొండెక్కింది. వాళ్లు కోడ్‌ని మార్చలేదు, భాష కింద ఉన్న ఇంజిన్‌ని మార్చారు. 2010లో పీహెచ్‌పీని సీ ప్లస్ ప్లస్‌లోకి తర్జుమా చేసే హిప్‌హాప్, ఆ తర్వాత హెచ్‌హెచ్‌వీఎం అనే ఇంజిన్, 2014లో పీహెచ్‌పీలాంటిదే అయిన సొంత భాష హ్యాక్. ఇది అందరికీ సాధ్యమయ్యే దారి కాదు. సొంతంగా కంపైలర్ రాయించగల కంపెనీలు ఎన్ని ఉంటాయి? అయినా లక్షల లైన్లు తిరగరాయడం కంటే కంపైలర్ రాయడమే తేలికని వాళ్లు అనుకున్నారన్నది చిన్న విషయం కాదు.

112 రూపాయల 50 పైసలు

ఇప్పుడు అసలు కష్టమైన చోటుకి వద్దాం. పైకి ఒకేలా కనిపించే లైను రెండు భాషల్లో రెండు రకాలుగా నడుస్తుంది.

ఒక బిల్లింగ్ ప్రోగ్రామ్‌ని పీహెచ్‌పీ నుంచి పైథాన్‌కి మారుస్తున్నారనుకోండి. పన్ను మొత్తం 112.50 వచ్చింది, రూపాయికి సర్దాలి. రెండు భాషల్లోనూ ‘రౌండ్’ అనే ఫంక్షన్ ఉంది. పీహెచ్‌పీ 113 ఇస్తుంది. పైథాన్ 3 అయితే 112 ఇస్తుంది. రెండిట్లో దేన్లోనూ బగ్ లేదు. సరిగ్గా సగం వచ్చినప్పుడు పీహెచ్‌పీ పైకి వెళ్తుంది, పైథాన్ 3 దగ్గరలో ఉన్న సరిసంఖ్యకి వెళ్తుంది. దీన్నే బ్యాంకర్స్ రౌండింగ్ అంటారు. ఎక్కువ లెక్కలు కలిపినప్పుడు మొత్తం ఒకే వైపు ఒరిగిపోకుండా ఉండటానికి ఆ పద్ధతి.

ఇందులో మెలిక ఏమిటంటే, 113.50 ఇచ్చి చూస్తే రెండు భాషలూ 114 అనే చెబుతాయి. 111.50 ఇస్తే రెండూ 112. అంటే టెస్ట్ చేసేవాళ్లు ఏ అంకె తీసుకున్నారన్నదాన్ని బట్టి టెస్ట్ పాసైపోతుంది. యాభై పైసలతో ముగిసే మొత్తాల్లో రూపాయలు సరిసంఖ్య అయినప్పుడే తేడా బయటపడుతుంది.

మన దేశంలో దీనికి చట్టం కూడా ఉంది. కేంద్ర జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం పన్ను మొత్తంలో పైసలు 50 లేదా అంతకంటే ఎక్కువుంటే రూపాయికి పెంచాలి, తక్కువుంటే వదిలేయాలి. కాబట్టి 113 సరైనది. పీహెచ్‌పీలో రాసినాయన ఈ సెక్షన్ చదివి రాశాడా? బహుశా లేదు. భాష డిఫాల్ట్‌గా చేసేది చట్టంతో సరిపోయింది, అంతే. కోడ్‌లో ఎక్కడా దీని గురించి ఒక్క కామెంట్ ఉండదు, డాక్యుమెంట్‌లో ఉండదు, పని అప్పగించే కేటీ సెషన్‌లో ఎవరూ చెప్పరు. ఎవరూ రాయని రూలు కోడ్ కింద, భాషలోనే దాక్కుని ఉంది. భాష మార్చిన రోజున అది చెప్పాపెట్టకుండా వెళ్లిపోతుంది.

పేర్ల పొడవు కూడా ఇలాంటిదే, తెలుగువాళ్లకి కాస్త ఎక్కువ తగిలేది. ‘వేణుగోపాల్’ అన్న పేరు పొడవెంత? స్విఫ్ట్ భాషని అడిగితే 5 అంటుంది, కంటికి కనిపించే అక్షరాలు అవే కాబట్టి. జావాని అడిగితే 10. గుణింతాలు, పొల్లు విడివిడిగా లెక్కలోకి వస్తాయి. పీహెచ్‌పీలో పొడవు కొలిచే మామూలు ఫంక్షన్ ‘స్ట్ర్‌లెన్’ అయితే 30. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు. ఇప్పుడు పాత ప్రోగ్రామ్‌లో ‘పేరు 30 దాటకూడదు’ అని ఒక షరతు ఉందనుకుందాం. పీహెచ్‌పీలో ఆ 30 బైట్లు. అదే షరతుని జావాలోకి అక్షరాలా దించితే 90 బైట్ల పేరు కూడా లోపలికి వచ్చేస్తుంది. మన స్క్రీన్ మీద బాగానే కనిపిస్తుంది. ఆ తర్వాత ఫైలు ఇంకో సిస్టమ్‌కి వెళ్లాక, అక్కడ గడి 30 బైట్లదే అయితే, పేరు మధ్యలో తెగి చివర ప్రశ్న గుర్తులొస్తాయి. ఇంగ్లిష్ పేర్లతో ఎంత టెస్ట్ చేసినా ఇది దొరకదు. ఇంగ్లిష్ అక్షరానికి మూడు లెక్కలూ ఒకటే.

ఇంకొకటి చెప్పి వదిలేస్తాను. ఆదివారం 0, సోమవారం 1 అనుకుని, సోమవారానికి మూడు రోజుల ముందు ఏ వారమో లెక్కిద్దాం. 1లోంచి 3 తీసేస్తే మైనస్ 2, దాన్ని 7తో భాగిస్తే వచ్చే శేషం కావాలి. పైథాన్ 5 ఇస్తుంది, అంటే శుక్రవారం, సరైన జవాబు. జావా మైనస్ 2 ఇస్తుంది. అలాంటి వారమే లేదు.

ఇలాంటివి పెద్ద అప్లికేషన్‌లో ఎన్ని ఉంటాయో ముందే లెక్కపెట్టడం కుదరదు. గూగుల్ ఇంజనీర్ హైరమ్ రైట్ పేరుతో ప్రచారంలో ఉన్న ఒక సూత్రం ఉంది: వాడేవాళ్లు తగినంతమంది ఉంటే, మీరు హామీ ఇచ్చినా ఇవ్వకపోయినా, మీ ప్రోగ్రామ్‌లో బయటికి కనిపించే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడే ఉంటారు. అకౌంట్స్ సెక్షన్‌లో పదేళ్లుగా ఆ రిపోర్టులోని మూడో కాలమ్‌ని ఎక్సెల్‌లోకి కాపీ చేసుకుంటున్న మనిషి ఒకరుంటారు. ఆవిడ ఉన్నట్టు కొత్త కాలమ్ కలిపిన రోజే డెవలపర్లకి తెలుస్తుంది.

భద్రత కోసమైతే తిరగరాయాల్సిందే కదా?

ఇది గట్టి వాదనే. సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో మెమరీని ప్రోగ్రామరే చూసుకోవాలి, పొరపాటు జరిగితే హ్యాకర్‌కి తలుపు తెరిచినట్టే. తాము ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీ తప్పులేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. క్రోమ్ బృందం 2020లో తమ తీవ్రమైన లోపాల గురించి దాదాపు ఇదే అంకె ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో అమెరికా వైట్‌హౌస్ సైబర్ విభాగం కూడా మెమరీ భద్రత ఉన్న భాషల వైపు వెళ్లమని నివేదిక ఇచ్చింది.

అయితే పాతదంతా తిరగరాయాలా అన్న ప్రశ్నకు ఆండ్రాయిడ్ అనుభవం ఊహించని జవాబిచ్చింది. 2019లో ఆండ్రాయిడ్ భద్రతా లోపాల్లో 76 శాతం మెమరీకి సంబంధించినవి. 2024కి అది 24 శాతానికి పడిపోయింది. లక్షల లైన్ల పాత సీ ప్లస్ ప్లస్ కోడ్ అలాగే ఉంది. వాళ్లు చేసింది, కొత్తగా రాసే కోడ్‌ని ఎక్కువగా రస్ట్‌లాంటి భద్రమైన భాషల్లో రాయడం. పాత కోడ్‌లోని లోపాలు కాలం గడిచేకొద్దీ దొరుకుతూ, సర్దుకుంటూ తగ్గిపోతాయని, కొత్తగా రాసిన, ఈమధ్యే మార్చిన కోడ్‌లోనే లోపాలు ఎక్కువగా ఉంటాయని గూగుల్ ఇంజనీర్లు వివరించారు. 2014లో ఇంటర్నెట్‌ని వణికించిన హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం కూడా అలాంటిదే. అది బయటపడిన ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ 1998 నుంచి ఉంది. ఆ లోపం మాత్రం 2012 వెర్షన్‌లో కొత్తగా చేర్చిన సదుపాయంలో వచ్చింది.

దీనికీ హద్దు ఉంది. బయటి నుంచి ఎవరు పంపిన ఫైలునైనా తెరిచి చదివే భాగాలు, అంటే బొమ్మలు, ఫాంట్లు, నెట్‌వర్క్ ప్యాకెట్లు విప్పే కోడ్, పాతదైనా ప్రమాదమే. అలాంటి ముక్కల్ని ఎంచి మార్చడాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఇక ఇప్పటికే జావాలోనో పైథాన్‌లోనో ఉన్న అప్లికేషన్‌ని ‘సెక్యూరిటీ కోసం’ రస్ట్‌లోకి మారుస్తామంటే మాత్రం ఈ వాదన పెద్దగా వర్తించదు. ఆ భాషలకి మెమరీ భద్రత ముందే ఉంది.

భాషకి వయసైపోయిందా, తెలిసినవాళ్లకా?

వై2కె (2000 సంవత్సరం తేదీల సమస్య) రోజుల్లో అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ అనే పాత భాష కోర్సులు నేర్చుకుని అమెరికా వెళ్లినవాళ్లు మన చుట్టాల్లో, స్నేహితుల్లో ఒకరైనా ఉంటారు. వాళ్లు అప్పుడు సరిచేసిన ప్రోగ్రాముల్లో చాలా మటుకు ఇంకా నడుస్తున్నాయి. వాళ్లే రిటైర్మెంట్‌కి దగ్గర పడుతున్నారు.

2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు ముంచెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసిన వాలంటీర్లు కావాలని బహిరంగంగా అడిగారు. తమ సిస్టమ్‌లు నలభై ఏళ్లకు పైబడినవని చెప్పారు. తిరగరాయాలనేవాళ్లకి ఇది మంచి ఉదాహరణ. కోబాల్ తనంతట తాను చెడిపోలేదు, దానిలో పెట్టుబడి పెట్టడం, మనుషుల్ని తయారుచేయడం మానేశారు అన్నది తిరగరాయొద్దనేవాళ్ల జవాబు. కోబాల్ నేర్చుకోవడం అంత కష్టమేమీ కాదు కూడా. ఏ భృతికి ఏ షరతు, అది ఏ ఏడాది ఎందుకు మారింది అన్నదే కష్టం. అది కోబాల్‌లో రాసినా జావాలో రాసినా అంతే కష్టం.

నిజంగా కాళ్లకింద నేల కదిలే సందర్భాలు వేరే ఉన్నాయి. విజువల్ ఫాక్స్‌ప్రోకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరితో పూర్తిగా ఆగిపోయింది. విజువల్ బేసిక్ 6 డెవలప్‌మెంట్ టూల్‌కి 2008 ఏప్రిల్‌తోనే ఆగిపోయింది. పైథాన్ 2కి 2020 జనవరి 1తో. ఈ మూడూ ఒకటి కావు. వీబీ 6లో రాసిన ప్రోగ్రామ్ ఇవాళ్టి విండోస్ మీద కూడా నడుస్తుంది. అది నడవడానికి కావలసిన రన్‌టైమ్‌ని మైక్రోసాఫ్ట్ ఇంకా ఇస్తోంది. అందుకే చిన్న ఫ్యాక్టరీల స్టోర్ రూముల్లో, మెడికల్ షాపుల్లో అవి ఇంకా బతికున్నాయి. నడవటం దానికి సమస్య కాదు, మార్చాల్సి రావడమే సమస్య. జీఎస్టీ రేటు మారితే ఒక అంకె సర్దడానికి ఎవరిని పిలవాలి? రాసిన మనిషి ఫోన్ ఎత్తినంతకాలం దాన్ని ‘పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్’ అనొచ్చు.

ఖర్చు లెక్కలో కనిపించని పద్దు

ఒక ఊహా లెక్క వేద్దాం. నలుగురు డెవలపర్లు, ఒక్కొక్కరి మీద కంపెనీకి నెలకి లక్షా పాతిక వేలు. నెలకి ఐదు లక్షలు. తిరగరాయడానికి 14 నెలలు పడితే 70 లక్షలు. కొత్త భాష వల్ల సర్వర్ బిల్లు నెలకి 60 వేలు తగ్గుతుందనుకుంటే ఏడాదికి 7 లక్షల 20 వేలు. పెట్టింది తిరిగి రావడానికి తొమ్మిదేళ్ల మీద ఎనిమిది నెలలు దాటుతుంది. సర్వర్ బిల్లు నెలకి 10 లక్షలు తగ్గే స్థాయి కంపెనీ అయితే అదే పని ఏడు నెలల్లో గిట్టుబాటవుతుంది. పెద్ద కంపెనీల కథలు చిన్న కంపెనీలకి ఎందుకు అతకవో ఈ ఒక్క లెక్క చాలావరకు చెబుతుంది.

కనిపించని పద్దు వేరే ఉంది. ఆ 14 నెలలూ పాత అప్లికేషన్ ఊరికే కూర్చోదు. క్లయింట్లు కొత్తవి అడుగుతూనే ఉంటారు. ప్రతి మార్పుని రెండు చోట్లా చేయాలి, లేదా ‘కొత్తది వచ్చేదాకా ఆగండి’ అని చెప్పాలి. మొదటిదానితో గడువు పెరుగుతుంది, రెండోదానితో కస్టమర్ విసిగిపోతాడు. పైగా టీమ్‌లో పాతదాన్ని చూసుకునే డ్యూటీ పడ్డవాళ్లు, కొత్త భాష నేర్చుకునే అవకాశం దొరకలేదన్న అసంతృప్తితో నోటీస్ పీరియడ్‌లోకి వెళ్తారు. పాత రూల్స్ తెలిసినవాళ్లు వాళ్లే.

దీన్ని తిప్పి చూసేవాళ్లూ ఉన్నారు. పాత భాషలోనే ఉండిపోతే మంచి డెవలపర్లు రారు, ఉన్నవాళ్లు రెజ్యూమె పాడవుతుందని వెళ్లిపోతారు అంటారు. అదీ ఖర్చే, ఏ షీట్‌లోనూ ఎక్కని ఖర్చు. ఈ వాదనని నేను తేలిగ్గా తీసిపారేయను. కాకపోతే కొత్త భాష నేర్చుకోవాలన్న సరదాకి కంపెనీ అవసరం అన్న ముసుగు వేసిన సందర్భాలు మన ఇండస్ట్రీలో తక్కువేమీ కాదు.

ఒకే రాత్రి మార్చడం, కొద్దికొద్దిగా మార్చడం

2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌కి చెందిన టీఎస్‌బీ బ్యాంకు ఒక వారాంతంలో తన ఖాతాదారులందర్నీ పాత సిస్టమ్ నుంచి కొత్త ప్లాట్‌ఫామ్‌కి తరలించింది. సోమవారానికి లక్షలాది మంది తమ ఖాతాలు తెరవలేకపోయారు. కొందరికి వేరేవాళ్ల వివరాలు కనిపించాయి. 2022 డిసెంబర్‌లో నియంత్రణ సంస్థలు బ్యాంకుకి 4.86 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. ఇది భాష మార్పు కథ కాదు. ఒకేసారి స్విచ్ వేసి, వెనక్కి వెళ్లే దారి లేకుండా చేసుకోవడం ఎలా ఉంటుందో చూపే కథ.

దీనికి వ్యతిరేక పద్ధతి, ఇంట్లో కాపురం ఉంటూనే ఒక్కో గదికి మరమ్మతు చేయించుకోవడం లాంటిది. ట్విట్టర్ మొదట రూబీ భాషలో, రూబీ ఆన్ రైల్స్ అనే చట్రం మీద పుట్టింది. జనం పెరిగి సైటు పడిపోతూ ఉంటే 2008 ప్రాంతంలో ముందు మెసేజ్‌ల క్యూని స్కాలా భాషలో రాసుకున్నారు. 2011లో సెర్చ్ ముందు భాగాన్ని జావాలోకి మార్చారు. మిగతావి ఒక్కొక్కటిగా.

ఫిష్ షెల్ ఉదాహరణ ఇంకా దగ్గరగా చూడదగ్గది. లినక్స్, మ్యాక్ వాడేవాళ్లకి తెలిసిన ఈ కమాండ్ షెల్ సీ ప్లస్ ప్లస్‌లో ఉండేది. 2023 మొదట్లో రస్ట్‌లోకి మార్చడం మొదలుపెట్టారు. రెండు భాషల కోడూ ఒకే ప్రోగ్రామ్‌లో కలిసి నడుస్తూ ఉండగా ఒక్కో భాగాన్నీ దించుకుంటూ పోయారు. 2025 ఫిబ్రవరిలో 4.0 వచ్చింది. అప్పటికి సీ ప్లస్ ప్లస్ పూర్తిగా పోయింది. కష్టం లేకుండా కాదు. రెండు భాషల మధ్య వంతెన కోడ్ రాయడానికే బోలెడు శ్రమ పట్టింది. అదంతా చివరికి చెరిపేయాల్సినదే. సిగ్‌విన్ (విండోస్ మీద లినక్స్ తరహా ప్రోగ్రాములు నడిపే సాధనం) మీద ఫిష్ వాడేవాళ్లు 4.0కి దూరమయ్యారు, అప్పట్లో రస్ట్ ఆ వేదికని పట్టించుకోలేదు కాబట్టి. భాషతో పాటు ఆ భాష ఎక్కడెక్కడికి చేరగలదో అది కూడా మీ నెత్తిన పడుతుంది.

ముక్కలుగా మార్చే పద్ధతికి అసలు ప్రమాదం, మధ్యలో ఆగిపోవడం. సగం రూబీ, సగం జావా దగ్గర బడ్జెట్ అయిపోతే, ఇక ఆ టీమ్ శాశ్వతంగా రెండు భాషలు, రెండు బిల్డ్ పద్ధతులు, రెండు రకాల డెవలపర్లతో బతకాలి. పాతది ఒక్కటే ఉన్న రోజులే మేలనిపించే స్థితి అది. ఫిష్‌లో పట్టువదలని వాలంటీర్లు ఉన్నారు. క్వార్టర్‌కోసారి ప్రాధాన్యాలు మారే కంపెనీలో ఆ పట్టు నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఏఐ ఈ లెక్కని ఎంత మార్చింది

కొంత మార్చింది, కాదనలేం. ఒక భాషలోని ఫంక్షన్‌ని ఇంకో భాషలోకి మార్చడం ఏఐ టూల్స్ బాగా చేసే పనుల్లో ఒకటి. అంతర్గత అప్లికేషన్లను కొత్త జావా వెర్షన్‌కి మార్చడంలో తమ ఏఐ టూల్ 4,500 డెవలపర్-సంవత్సరాల శ్రమ ఆదా చేసిందని అమెజాన్ సీఈఓ ఆండీ జస్సీ 2024 ఆగస్టులో చెప్పారు. అది కంపెనీ తన టూల్ గురించి తనే చెప్పుకున్న లెక్క, పైగా భాష మార్పు కాదు, అదే భాషలో వెర్షన్ మార్పు. సీ కోడ్‌ని ఆటోమేటిక్‌గా రస్ట్‌లోకి మార్చే పరిశోధనకి అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా కూడా 2024లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది.

కానీ పైన చూసిన ఊహా లెక్కలో 70 లక్షలూ టైపింగ్‌కి అయిన ఖర్చు కాదు. కోడ్ రాయడం చవకైతే, రాసింది పాతదానిలాగే నడుస్తోందని రుజువు చేయడం మిగులుతుంది. దీనికి ఇప్పటికీ నమ్మకమైన పద్ధతి పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపడమే. అసలు లావాదేవీలు రెండింటికీ పంపి, పాతదాని జవాబునే కస్టమర్‌కి ఇచ్చి, కొత్తదాని జవాబుని పక్కన రాసుకుని రాత్రికి పోల్చుకోవడం. నెలాఖరు, మార్చి 31, అధిక మాసం వచ్చిన ఏడాది పంచాంగం లెక్కలు, ఇలాంటివన్నీ దాటేదాకా పోలిక ముగిసిందనుకోవడానికి లేదు.

ఆ పోలికలో తేడాలు వస్తాయి, రావాలి కూడా. ఒక్కటీ రాకపోతే పోలికలోనే ఏదో తప్పున్నట్టు. అప్పుడు ప్రతి తేడా ముందూ ఒకరు కూర్చుని, పాతది చేసింది బగ్గా రూలా అని చెప్పాలి. ఏ జిల్లా బ్రాంచికో 2011లో ఇచ్చిన మినహాయింపు కోడ్‌లో ఒక ‘ఇఫ్’ షరతుగా ఉంటుంది. ఏఐ ఆ ‘ఇఫ్’ని పొల్లుపోకుండా కొత్త భాషలోకి దించుతుంది. ఆ మినహాయింపు ఇంకా అమల్లో ఉందో లేదో మాత్రం ఆ బ్రాంచికి ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే.